బేస్ గిటార్‌కి ప్రీఆంపా, పెడల్సా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

బేస్ గిటార్ మీద ఈమధ్య వచ్చిన ఉత్తరాలన్నీ ఒక కట్టగా పెట్టి చూస్తే చాలామంది ఇబ్బంది ఒకటే: పెడల్ కొన్నారు, శబ్దం మాత్రం బాగుపడలేదు. అందుకే ఈ సంచికలో శీర్షిక మొత్తం బేస్ వాళ్లకే ఇస్తున్నాం.

ప్రశ్న: మా చర్చిలో ఆరాధనకు బేస్ వాయిస్తాను. నాలుగు తీగల జాజ్ బేస్, బ్యాటరీ లేని రకం. ఇరవై అడుగుల కేబుల్‌తో నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో పెడతాం. దుప్పటి కప్పినట్టు మూగగా వినిపిస్తుంది. ప్రీఆంప్ కొనమని ఒకరంటారు. మల్టీ ఎఫెక్ట్స్ కొంటే అన్నీ అందులోనే ఉంటాయని షాపువాళ్లంటారు. అసలు ఈ రెండింటికీ తేడా ఏమిటి? — ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: కొనేముందు దుప్పటి ఎక్కడ కప్పుకుందో చూద్దాం. బ్యాటరీ లేని బేస్‌లో పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ. దాని సొంత నిరోధమే ఏడెనిమిది కిలో ఓమ్‌ల దాకా ఉంటుంది. గిటార్ ఆంప్‌లో అయితే దాని ముందు సుమారు 1 మెగా ఓమ్ ఇన్‌పుట్ ఉంటుంది కాబట్టి పికప్ మీద బరువు పడదు. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ 10 నుంచి 20 కిలో ఓమ్‌లే. చిన్న మోటారుతో మూడో అంతస్తుకి నీళ్లు తోడించినట్టు, పికప్ ఇచ్చినదాంట్లో పెద్ద వాటా మిక్సర్‌కి చేరకముందే పోతుంది. అందులోనూ ముందు పోయేది పైస్థాయి. తీగ మీద వేలు తగిలే చప్పుడు, నోటు మొదలయ్యే ఆ చిన్న టక్కు అన్నీ అక్కడే ఉంటాయి. జాక్ నుంచి ఎక్స్‌ఎల్ఆర్‌కి (మైకు వైరుకుండే మూడు పిన్నుల ప్లగ్గు) మార్చే వైరుతో మైకు ఇన్‌పుట్‌లో పెడితే ఇంకా అన్యాయం, అది రెండు కిలో ఓమ్‌ల పరిధిలోనే ఉంటుంది.

మీ మిక్సర్‌లో ఏదైనా చానల్ దగ్గర హై-జెడ్ (Hi-Z) అనో, గిటార్ బొమ్మతోనో బటన్ ఉందేమో చూడండి. ఉంటే బేస్ ఆ చానల్లో పెట్టి నొక్కండి. మూగతనం పోయిందంటే మీ జబ్బు ఇదే. మందు కూడా దొరికినట్టే, పైసా ఖర్చు లేకుండా.

బటన్ లేకపోతే ప్రీఆంప్ సంగతికి వస్తాం. ప్రీఆంప్ చేసేవి నాలుగు పనులు. పికప్ మీద బరువు పడకుండా సిగ్నల్ అందుకుంటుంది, స్థాయి పెంచుతుంది, బేస్, మిడ్, ట్రెబుల్ సరిచేయనిస్తుంది, ఎక్స్‌ఎల్ఆర్ ద్వారా స్టేజీ బాక్సుకి పంపుతుంది. పాట మొదటి నుంచి చివరి దాకా ఆన్‌లోనే ఉంటుంది. ఎఫెక్ట్ పెడల్ పని వేరు. కోరస్, ఆక్టేవ్ (వాయించిన స్వరానికి కింది స్థాయి స్వరాన్ని కలిపేది), ఫజ్ లాంటివి పాటలో ఒక చోట నొక్కి, ఆ చోటు దాటాక తీసేసేవి. ఒకటి గొంతు, ఇంకొకటి ఆ గొంతుకు అప్పుడప్పుడూ వేసే గమకం. గొంతు బాగాలేనప్పుడు గమకాలు కొనుక్కుని లాభం లేదు.

షాపువాళ్ల మాటలోనూ కొంత నిజం ఉంది. జూమ్ బీ1 ఫోర్ లాంటి చిన్న మల్టీ ఎఫెక్ట్స్‌లో కూడా ఇన్‌పుట్ బేస్‌కి తగినట్టే ఉంటుంది కాబట్టి మూగతనం పోతుంది. ట్యూనర్, రిథమ్ దొరుకుతాయి, ఇంట్లో సాధనకు మంచి తోడు. కానీ దానికి ఎక్స్‌ఎల్ఆర్ ఔట్ లేదు. మిక్సర్ మీ పక్కనే ఉంటే సర్దుకోవచ్చు. హాలు వెనక వంద అడుగుల దూరంలో ఉంటే దాని తర్వాత ఒక డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని ఎక్స్‌ఎల్ఆర్ మీద మిక్సర్‌కి పంపే పెట్టె) కూడా కొనాలి. ఆరాధనలో ఒకే శబ్దంతో వాయించే మీకు మా సలహా డీఐ ఔట్ ఉన్న ప్రీఆంపే. గిటార్ నుంచి ప్రీఆంప్‌కి వెళ్లే కేబుల్‌ని పది, పదిహేను అడుగులకు తగ్గించండి. మీటరుకు వంద పికోఫారడ్ల చొప్పున కేబుల్ కూడా పైస్థాయిని తింటుంది. మిగతా దూరమంతా ఎక్స్‌ఎల్ఆర్ మీద పోనివ్వండి, అందులో ఏమీ పోదు.

ఇదే ప్రశ్న బ్యాటరీ ఉన్న యాక్టివ్ బేస్ వాళ్లు అడిగితే జవాబు మారుతుంది. ప్రీఆంప్ గిటార్ కడుపులోనే ఉంది కాబట్టి వాళ్లకు మామూలు డీఐ బాక్స్ చాలు.

ప్రశ్న: మాది నలుగురి బ్యాండ్, పాప్, రాక్ వాయిస్తాం. సాన్స్‌ఆంప్, ఎంఎక్స్ఆర్ ఎం80, అగ్విలార్ టోన్ హామర్, డార్క్‌గ్లాస్ బీ7కే — ఈ నాలుగింట్లో ఏది కొనాలి? బెరింగర్ బీడీఐ21 చవకగా దొరుకుతోంది, అది పనికొస్తుందా? — ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నాలుగూ మంచివే. మీ బ్యాండ్‌లో బేస్ ఎక్కడ కూర్చోవాలో తేల్చుకుంటే ఎంపిక దానంతటదే తేలుతుంది.

న్యూయార్క్‌కి చెందిన టెక్ 21 వాళ్లు తొలి సాన్స్‌ఆంప్‌ని 1989లో తెచ్చారు. ఆంప్ లేకుండా అన్న అర్థంలో పెట్టిన పేరు అది. ట్యూబ్ ఆంప్, దాని స్పీకర్ బాక్స్, దాని ముందు పెట్టిన మైకు, ఈ మూడింటి స్వభావాన్ని ఒక సర్క్యూట్లో పెట్టడం వాళ్ల ఆలోచన. బేస్ డ్రైవర్ డీఐ ఆ వంశంలోదే. నేరుగా మిక్సర్‌లోకి పంపినా ఆంప్‌లోంచి వచ్చినట్టే ఉండటం దాని బలం. బలహీనతా అక్కడే ఉంది. నాబ్‌లన్నీ సగంలో పెట్టినా దాని శబ్దం మధ్యలో కొంత లోతుగా ఉంటుంది. ఒక్కరే గదిలో వాయిస్తే అద్భుతం. డ్రమ్స్, రెండు గిటార్లు కలిశాక బేస్ మాయమైపోతుంది. అప్పుడు చాలామంది బేస్ నాబ్ పెంచుతారు, శబ్దం ఇంకా బురదైపోతుంది. పాత మోడల్‌లో మిడ్ నాబ్ లేదు కాబట్టి బ్లెండ్ నాబ్‌ని పన్నెండు గంటల దగ్గరికి తగ్గించి, మీ గిటార్ అసలు శబ్దాన్ని సగం కలపడమే దారి. వెర్షన్ 2లో మిడ్ నాబ్ ఇచ్చారు, అది 500 దగ్గర పనిచేయాలా, 1000 హెర్ట్జ్ దగ్గరా అని ఎంచుకునే స్విచ్ కూడా ఉంది. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు మిడ్ నాబ్ ఉందో లేదో చూసి ధర మాట్లాడండి.

టోన్ హామర్ దీనికి ఎదురు దిక్కు. స్పీకర్ బాక్స్ అనుకరణ ఉండదు, మీ గిటార్ మీ గిటార్‌లాగే వినిపిస్తుంది. ప్రాణమంతా దాని మిడ్‌లో ఉంది. ఏ చోట పెంచాలో 180 నుంచి 1000 హెర్ట్జ్ దాకా జరుపుకోవచ్చు. పెంచే నాబ్‌ని మూడు వంతులకు తిప్పి, రెండో చేత్తో ఆ చోటు నాబ్‌ని మెల్లగా జరపండి. ఒకచోట శబ్దం ముక్కుతో మాట్లాడినట్టు అవుతుంది, ఒకచోట చెక్క పెట్టెలోంచి వచ్చినట్టు, ఇంకొకచోట ప్రతి నోటూ విడివిడిగా మొనదేలి వస్తుంది. ఆ మూడోచోట ఆగి, పెంపుని సగానికి తగ్గించండి. సాధారణంగా అది 700, 800 మధ్య ఉంటుంది. దీనికి రెండు 9 వోల్ట్‌ల బ్యాటరీలో, 18 వోల్ట్‌ల అడాప్టరో కావాలి. మిగతా పెడల్స్ అడాప్టర్‌తో కలిపి నడుపుదామనుకుంటే కుదరదు.

ఎం80లో రెండు దారులున్నాయి. శుభ్రమైన దారికి మూడు నాబ్‌ల ఈక్యూ (బేస్, మిడ్, ట్రెబుల్ సరిచేసేది), డిస్టార్షన్‌కి వేరే గెయిన్, బ్లెండ్, వాల్యూమ్. ఒకే రాత్రి మెలోడీ, రాక్ రెండూ వాయించే మీలాంటి వాళ్లకు ఇదే ఎక్కువ ఉపయోగం. జాగ్రత్త పడాల్సిన విషయం ఒకటుంది: రెండు వాల్యూమ్‌లు సమానం చేసుకోకపోతే డిస్టార్షన్ నొక్కగానే మిక్సర్‌లో ఎర్రలైటు వెలుగుతుంది, సౌండ్ ఇంజినీర్ మిమ్మల్ని తగ్గించేస్తాడు, తర్వాతి పాటంతా మీరు వినిపించరు. ఇంట్లోనే రెంటినీ మార్చి మార్చి నొక్కుతూ సమానం చేసి, నాబ్ మీద తెల్ల టేపు ముక్కతో గుర్తు పెట్టుకోండి.

ఫిన్లాండ్‌లోని హెల్సింకి నుంచి వచ్చే డార్క్‌గ్లాస్ బీ7కే అల్ట్రా మెటల్ వాళ్ల కోసం పుట్టింది. నాలుగు బ్యాండ్ల ఈక్యూ ఉంది, రెండో వెర్షన్‌లో రెండు మిడ్‌లకూ చోటు మార్చే స్విచ్‌లున్నాయి. బిగుతుగా, గరుకుగా, పళ్లు కొరికినట్టుంటుంది. వారానికి ఒక పాటలో ఆ గరుకు వాడేవాళ్లకు అంత డబ్బు పెట్టమని మేం చెప్పం. దానికి 9 వోల్ట్‌లు దాటకూడదు. పక్కన టోన్ హామర్ కోసం పెట్టిన 18 వోల్ట్‌ల పిన్ను పొరపాటున దీనికి గుచ్చితే ఖరీదైన పెట్టె మూలపడుతుంది.

బీడీఐ21 విషయానికొస్తే, సాన్స్‌ఆంప్ పాత మోడల్ బాటలోనే తయారైంది. నాబ్‌లూ అవే, మధ్యలో ఆ లోతూ అదే. నేర్చుకునే దశలో కొనుక్కోవచ్చు. పెట్టె ప్లాస్టిక్‌ది. గట్టిగా తొక్కే కాలికి, కేబుల్ లాగే అలవాటుకి తట్టుకోదు. టేబుల్ మీద పెట్టి ఎప్పుడూ ఆన్‌లో ఉంచితే ఏళ్లు వస్తుంది.

మీకు మా ఓటు ఎం80కి. డిస్టార్షన్ అక్కర్లేదనుకుంటే టోన్ హామర్.

ప్రశ్న: మా గిటారిస్టు దగ్గర ట్యూబ్ స్క్రీమర్ అనే డిస్టార్షన్ పెడల్ అడిగి బేస్‌కి పెట్టాను. నొక్కగానే కింది స్థాయి అంతా ఎగిరిపోయింది. పెడల్ పాడైందా, నా గిటార్‌లో లోపమా? — ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: రెండూ కావు. ఆ పెడల్ చేయాల్సిన పనే చేస్తోంది, కాకపోతే గిటార్ కోసం. దాని సర్క్యూట్లో 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలిసి ఒక గేటు కట్టాయి. లెక్కవేస్తే అది 720 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. దాని పైనున్న శబ్దానికే పూర్తి గెయిన్, కిందికి వెళ్లేకొద్దీ తగ్గిపోతుంది. గిటార్‌కి అది మేలు, మోత బురద కాకుండా కాపాడుతుంది. మీ బేస్‌లో అన్నిటికన్నా లావైన E తీగ మూలస్వరం 41 హెర్ట్జ్, జీ తీగది 98. మీ వాద్యంలో బరువైన భాగమంతా ఆ గేటుకి అవతలే నిలబడిపోయింది.

ఇంకో కారణం వినేటప్పుడు తెలుస్తుంది. డిస్టార్షన్ అంటేనే అలల శిఖరాలు నరికేయడం. నరికాక నోటు మొదట్లో ఉండే దెబ్బ పోయి అంతా ఒకే మట్టంగా మారుతుంది. కిక్ డ్రమ్‌తో కలిసి గుండెకు తగిలేది ఆ మొదటి దెబ్బే. అందుకే బేస్ కోసం చేసిన పెడల్స్‌లో శుభ్రమైన శబ్దాన్ని పక్కనుంచి కలిపే ఏర్పాటు తప్పకుండా చూడాలి. బాస్ ఓడీబీ-3లో దాన్ని బ్యాలెన్స్ అంటారు, డార్క్‌గ్లాస్ బీ3కేలో బ్లెండ్, ఎలక్ట్రో-హార్మోనిక్స్ బేస్ బిగ్ మఫ్‌లో డ్రై స్విచ్.

పెట్టే పద్ధతి: డ్రైవ్ మూడో వంతు, బ్లెండ్ సగం. పెడల్ నొక్కినప్పుడూ తీసినప్పుడూ E తీగ మూడో ఫ్రెట్ దగ్గర బరువు సమానంగా ఉందా అని చూడండి. నొక్కితే బరువు తగ్గితే డ్రైవ్ పెంచకండి, శుభ్రమైన శబ్దం వాటా పెంచండి. ఒంటరిగా వింటే గరుకు తక్కువైందనిపించే చోటే బ్యాండ్‌తో కలిశాక సరిపోతుంది.

మీ దగ్గరున్న ట్యూబ్ స్క్రీమర్‌నే వాడుకోవాలంటే విడిగా ఒక బ్లెండర్ పెడల్ కొని, దాని లూప్‌లో దీన్ని పెట్టవచ్చు. కలిపాక కింది స్థాయి పెరగాల్సింది పోయి ఇంకా పలుచనైతే రెండు దారులూ ఒకదానికొకటి తిరగబడి రద్దవుతున్నాయని అర్థం. బ్లెండర్ మీద ఫేజ్ లేదా పొలారిటీ అని ఉన్న స్విచ్‌ని అటు మార్చండి. ఆ స్విచ్ లేని బ్లెండర్ కొనకండి.

ఆంప్ లేకుండా నేరుగా మిక్సర్‌కి పంపేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. బేస్ స్పీకర్ బాక్స్ నాలుగైదు వేల హెర్ట్జ్ పైన పెద్దగా పలకదు, అందుకే ఆంప్‌లో డిస్టార్షన్ మెత్తగా వస్తుంది. మిక్సర్‌లోకి వెళ్తే కందిరీగలు తిరిగినట్టు జుయ్‌మంటుంది. డిస్టార్షన్ తర్వాత సాన్స్‌ఆంప్ లాంటిదో, స్పీకర్ బాక్స్ అనుకరణో ఉండాలి. లేదంటే ఆ చానల్లో 5 కిలోహెర్ట్జ్ పైన కోయమని సౌండ్ ఇంజినీర్‌ని అడగండి.

ప్రశ్న: కంప్రెసర్, ఆక్టేవ్, డిస్టార్షన్, ప్రీఆంప్ ఏ వరుసలో పెట్టాలి? కంప్రెసర్ (గట్టి నోట్లని అణిచి శబ్దాన్ని సమం చేసేది) పెట్టాక స్లాప్ (బొటనవేలితో తీగని కొట్టి వాయించడం) చచ్చిపోయింది. — ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ట్యూనర్, ఆక్టేవ్, కంప్రెసర్, డిస్టార్షన్, కోరస్ ఉంటే అది, చివర ప్రీఆంప్. ఆక్టేవ్ ముందుండాలి, ఎందుకంటే 1982 నాటి బాస్ ఓసీ-2 తరహా పెడల్‌కి ఒకసారికి ఒక్క స్వరం, అదీ శుభ్రంగా కావాలి. కింది స్వరాల దగ్గర అది తడబడుతుంది. తడబడకపోయినా E తీగకి కింది ఆక్టేవ్ 20 హెర్ట్జ్, దాన్ని పలికే స్పీకర్లు మన స్టేజీల మీద ఉండవు. డీ, జీ తీగల మీద వాయించినప్పుడే దాని అందం.

స్లాప్ చావడానికి కారణం అటాక్, అంటే కంప్రెసర్ నోటుని పట్టుకోవడానికి తీసుకునే సమయం, మరీ వేగంగా ఉండటం. బొటనవేలి దెబ్బ దాటిపోయాక కంప్రెసర్ పట్టుకోవాలి. రేషియో (ఎంత గట్టిగా అణచాలో) 4:1, అటాక్ 20 నుంచి 30 మిల్లీసెకన్లు, రిలీజ్ (పట్టు వదలడానికి తీసుకునే సమయం) 150 దగ్గర మొదలుపెట్టండి. ఎంఎక్స్ఆర్ ఎం87 లాంటి వాటిలో ఎంత నొక్కుతోందో లైట్లు చూపిస్తాయి. గట్టి నోట్లకి మూడు నుంచి ఆరు డీబీ చాలు. రిలీజ్‌ని మరీ తగ్గించడమూ ప్రమాదమే: 41 హెర్ట్జ్ అలకి ఒక్క చుట్టు తిరగడానికి 24 మిల్లీసెకన్లు పడుతుంది. రిలీజ్ అంతకన్నా వేగంగా ఉంటే కంప్రెసర్ నోటుని కాక అలనే తరుముతుంది, కింది స్వరాలు చిరిగినట్టు వినిపిస్తాయి.

ప్రశ్న: పెడల్స్ నాలుగూ ఒకే అడాప్టర్ మీద పెట్టాను. మండపాల్లో హమ్మింగ్ భరించలేకపోతున్నాం. ఒకసారి తీగలు పట్టుకుని మైకుకి పెదవి తగిలితే షాక్ కొట్టింది. ప్లగ్గులో మూడో పిన్ను తీసేస్తే హమ్మింగ్ పోతుందంటున్నారు. — ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మూడో పిన్ను తీయకండి. ఇప్పటికే తీసి ఉంటే ఈ పేజీ పూర్తిచేసేలోపే తిరిగి పెట్టించండి. హమ్మింగ్ పోవచ్చు, కానీ పరికరంలో లోపం వస్తే ఆ కరెంటు భూమిలోకి పోవడానికి మిగిలే దారి మీ శరీరమే. మీకు షాక్ కొట్టిందంటే ఎక్కడో ఎర్త్ సరిగా లేదు. వాయించే ముందు ఎలక్ట్రీషియన్‌తో సాకెట్ దగ్గర కొలిపించండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్ట్‌ల దగ్గర, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్ట్‌లకు మించకుండా ఉండాలి. లేదంటే ఎర్త్ రాడ్ దిగ్గొట్టించాలి. మీ పెడల్స్, ఆంప్, మిక్సర్ అన్నీ ఒకే లైన్ నుంచి తీసుకోవాలి.

ఇక హమ్మింగ్. మన కరెంటు 50 హెర్ట్జ్. E తీగ మూడో ఫ్రెట్ మీద జీ స్వరం 49. హమ్మింగ్ మీ వాద్యంలోనే కూర్చుంటుంది కాబట్టి ఈక్యూతో దాన్ని కోయాలని చూస్తే స్వరం కూడా పోతుంది. ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోవాల్సిందే. తీగల మీద చెయ్యి పెట్టగానే తగ్గితే గిటార్ షీల్డింగ్ బలహీనం. జాజ్ బేస్‌లో రెండు పికప్‌ల వాల్యూమ్ సమానంగా పెట్టగానే తగ్గితే అది సింగిల్ కాయిల్ స్వభావం, భయం లేదు. అడాప్టర్ తీసి బ్యాటరీతో నడిపినప్పుడు పోతే తప్పు అడాప్టర్‌ది. ఆంప్‌కీ మిక్సర్‌కీ రెండింటికీ పంపినప్పుడే వచ్చి, ఒకటి పీకగానే పోతే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు వైర్ల ఎర్త్ దారులు కలిసి చుట్టుగా మారడం. ప్రీఆంప్ మీద గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కండి. అది ఎక్స్‌ఎల్ఆర్ వైరులోని షీల్డుని మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్‌ని ముట్టుకోదు. ఆ బటన్ లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాసివ్ డీఐ బాక్స్ అదే పని చేస్తుంది.

ఒకే అడాప్టర్ నుంచి గొలుసుగా ఇవ్వడం అనలాగ్ పెడల్స్‌కి సాధారణంగా ఇబ్బంది కాదు, అవి ఒక్కోటి పది, ముప్పై మిల్లీ ఆంపులే తాగుతాయి. డిజిటల్ పెడల్ వంద నుంచి మూడొందల దాకా తాగుతుంది, దాని క్లాక్ శబ్దం మిగతావాటిలోకి ఈలలా చొరబడుతుంది. దానికి వేరే అడాప్టర్ ఇవ్వండి. కొనేటప్పుడు వోల్టేజీ, పిన్ను మధ్యలో నెగెటివ్ అని చూపే గుర్తు, పెడల్స్ మొత్తానికి ఒకటిన్నర రెట్లు మిల్లీ ఆంపులు, ఈ మూడూ చూసుకోండి.

ప్రశ్న: బేస్ నాబ్ పూర్తిగా పెంచినా హాల్లో బేస్ వినపడదు, పైగా బాక్సులు కొట్టుకుంటాయి. — ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: నాబ్ సగానికి తెచ్చేయండి. సబ్ ఊఫర్ లేని బాక్సులు 40 హెర్ట్జ్ పలకలేవు. కోన్ ఊగుతుంది, శబ్దం రాదు, ఆంప్ శక్తి అంతా అక్కడే ఖర్చవుతుంది. E తీగని మన చెవి గుర్తుపట్టేది 82, 123 హెర్ట్జ్‌ల దగ్గరున్న అనుస్వరాలతోనే. అందుకని 80 నుంచి 120 మధ్య కొంచెం, 700 దగ్గర కొంచెం పెంచండి, మిక్సర్‌లో లోకట్ ఉంటే 40 కింద కోయండి. సాన్స్‌ఆంప్ వెర్షన్ 2 ఉన్నవాళ్లు బేస్ స్విచ్‌ని 40 నుంచి 80కి మార్చుకుంటే చాలు. ఢోలక్, ప్యాడ్స్ కిక్ కూడా ఆ 80 చుట్టూనే ఉంటాయి కాబట్టి అక్కడ మరీ పెంచకండి. 700 దగ్గర పెంచింది ఒంటరిగా వింటే బాగుండదు, హాలు చివర నిలబడినవాళ్లకు మాత్రం ఏ స్వరం వాయించారో తెలుస్తుంది.

ప్రశ్న: ఇంట్లో కంప్యూటర్‌లో రికార్డు చేస్తాను. ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంది. ప్రీఆంప్ పెడల్ కూడా కావాలా? — ఒక పాఠకుడు, డాలస్

జవాబు: అక్కర్లేదు. ఇంటర్‌ఫేస్ మీద ఇన్‌స్ట్రుమెంట్ బటన్ నొక్కితే బేస్‌కి తగిన ఇన్‌పుట్ వస్తుంది. గట్టిగా వాయించినప్పుడు మైనస్ 10 డీబీ దాటకుండా గెయిన్ పెట్టి శుభ్రంగా రికార్డు చేయండి, ఆంప్ రంగు తర్వాత ప్లగిన్‌తో వేసుకోవచ్చు. చేతికింద ఆ శబ్దం ఉంటేనే వేళ్లు ఆడతాయనుకుంటే మాత్రం పెడల్ కొనండి. అలాంటప్పుడు శుభ్రమైన శబ్దం ఒక ట్రాక్‌లో, పెడల్ శబ్దం ఇంకో ట్రాక్‌లో రెండూ ఒకేసారి తీసుకోండి. కలిపినప్పుడు కింది స్థాయి పలుచనైతే ఒక ట్రాక్ పొలారిటీ తిప్పి చూడండి.